ఎవరింటి పిల్ల

“నీది దొంగ ఫోటో!” పక్కింటి ఫిలోమినా టీచర్ తాను మోసుకొచ్చిన పటాన్ని రుఖియా కుట్టుమిషను మీద దభీమని పెట్టింది. “ఇదిగో, పోయినేడు మొదటి బహుమతి తెచ్చిన నా రోజ్ సీతాకోకచిలుక. మా ఈశ్వరి తీగ మీద పుట్టి, మా వరండాలో రెక్క విప్పింది. నీ ఫోటోలో ఉన్నదీ అచ్చం ఇదే. రోజ్ పురుగు ఈశ్వరి ఆకు తప్ప మరొకటి ముట్టదు. ఆ తీగ ఈ వీధి మొత్తానికి మా ఇంట్లోనే ఉంది. మరి నీకెక్కడిది?”

ఇంట్లో పెంచిన సీతాకోకచిలుకల ఫోటోల పోటీకి తీర్పరి, గ్రంథాలయ కార్యదర్శి సుకుమారన్. ఆయన ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. “నిజం చెప్పు రుఖియా. పెంచకుండా తీసిందని తేలితే పేరు కొట్టేస్తాను. ఇక ఏనాడూ పోటీకి రానివ్వను. అది నియమం.”

“అందరికీ అదేనా, సుకుమారేట్టా?”

“ఎవరికైనా అదే!” ఆయనకంటే ముందు టీచరే అంది.

“అయితే వినండి టీచరే. నాది రోజ్ కాదు, కరివేపాకు తిని పెరిగిన నారకక్కాళి అనే వేరే జాతి. వాటిలో ఆడవాళ్ళకి రోజ్ చీర కట్టుకునే సరదా. చేదు రోజ్ అనుకుని పిట్టలు జోలికి రావు.”

“బట్టలే అనుకున్నాను, మాటలు కూడా కుడతావన్నమాట! తేడా ఏమిటో?”

“చీర ఒకటే, ఒళ్ళు వేరు. రోజ్ పొట్ట ఎర్రన, దీనిది నల్లన. నా ఫోటోలో రెక్క అడ్డొచ్చింది, ఏం చెయ్యను? సులైమాని టీ తాగండి, ఈలోగా చూపిస్తాను.”

కిటికీలోని కరివేపాకు మొక్కకు వేలాడుతున్న గూడు అప్పటికే నల్లబడి, లోపలి ఎర్రచుక్కలు పైకి కనిపిస్తున్నాయి. టీ సగమైందో లేదో, అది చిట్లింది. తడిసిన గుడ్డపీలిక లాంటి ప్రాణి ఒకటి పైకి పాకి వేలాడింది. నలిగిన రెక్కలు మెల్లమెల్లగా, ఇస్త్రీ చేసినట్టు సాగాయి. నలుపు మీద తెల్లని మచ్చలు, అంచున ఎర్రని చుక్కలు. రుఖియా కెమెరా సంగతే మరచి చప్పట్లు కొట్టింది.

సుకుమారన్ వంగి చూశాడు. “పొట్ట నల్లగానే ఉంది, టీచరే.”

పోల్చి చూద్దామని ఆయన కుట్టుమిషను మీది పటాన్ని అందుకున్నాడు. అందులో రెక్కలు బార్లా చాచిన సీతాకోకచిలుక పొట్ట నల్లగా నిగనిగలాడుతోంది.

టీచర్ చేతిలోని గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

రుఖియా పక్కనుంచి తొంగిచూసి, మొహమంతా నవ్వు చేసుకుని అంది:

“పడచ్చోనే, దేవుడా! మా పిల్లని ఎంత అందంగా తీశారు, టీచరే!”