ముత్యాల దారం

"ఇది బీరువాలో పడున్న దండ కాదమ్మా," అంది ముత్యాలు గుచ్చే ఆవిడ, దండను బల్లదీపం కిందికి జరుపుతూ.

కోడలు ఆ మాట సరిగా వినలేదు. ఆఫీసు నుంచి ఇటే వచ్చిందేమో, కూర్చోగానే కళ్ళు మూతలు పడుతున్నాయి. రెండేళ్ళుగా ఆమెకు కంటినిండా నిద్ర లేదు. అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగి మంచం పట్టారు. ఎముక అతికింది, ఇక లేచి నడవాలి అన్నాడు డాక్టరు. లేపబోతే కేకలు పెట్టేవారు. కొన్నాళ్ళకు ఆ మాట ఇంట్లో అందరూ మరిచిపోయారు. ఎత్తి కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, తల దువ్వడం, పక్కకు తిప్పడం, ఆపైన ఉద్యోగం. మనిషన్నాక ఎంతకని తట్టుకుంటుంది?

ముత్యం ఒంటిమీద ఉంటే మనసు చల్లబడి నిద్ర పడుతుందని ఆఫీసులో ఎవరో అన్నారు. అత్తగారి దండ ఊరికే పడి ఉందిగా, దారం మార్పించి వేసుకుందామనుకుంది. అడిగితే అత్తగారు కాదనలేదు. ముఖం మాత్రం గోడవైపు తిప్పుకున్నారు.

ఆ దుకాణం అగ్గిపెట్టంత. గోడ పొడుగునా సొరుగులు, ఒక్కోదాని మీదా ఒక్కో చీటీ. పగడం రక్తానికి, పచ్చ మాటకి, ముత్యం మనసుకి. ఇవన్నీ నిజమేనా అని కోడలు అడిగింది. చీటీలు రాసింది మా ఆయన, నాకు తెలిసింది దారం ఒక్కటే అంది ఆవిడ.

"ముత్యం మనిషిని బాగుచేస్తుందో లేదో నాకు తెలీదు. ఒంటిమీద లేకపోతే మాత్రం అది ఎండి కళ తప్పుతుంది. ఇవి చూడండి, ఎంత కళగా ఉన్నాయో. పైగా ఈ దారం వేసింది నేనే. తెల్ల పట్టుదారం. మీ అత్తగారు పడిపోవడానికి ముందురోజు పట్టుకెళ్ళారు. ఇప్పుడు మెడ వెనక వచ్చే చోట ఎలా నల్లబడిందో చూడండి. రోజూ ఎవరో వేసుకుంటున్నారు."

కోడలికి నిద్రమత్తు ఒక్కసారిగా వదిలిపోయింది.

తాళంచెవి ఉండేది బీరువా నెత్తిన. తనకే మునివేళ్ళ మీద నిలబడితే గానీ అందదు. భర్త తనకంటే ముందే ఆఫీసుకు పోతాడు. పగలంతా ఇంట్లో తిరిగే మనిషి, అత్తగారిని కనిపెట్టుకుని ఉండే ఆయా ఒక్కతే.

అదే బాధగా ఉంది. ఆయా నెమ్మదస్తురాలు. ఉన్నదల్లా ఒకటే చాదస్తం, శుభ్రం. అత్తగారి గది రోజుకు మూడుసార్లు ఊడ్చి తుడుస్తుంది. కోడలు ఇల్లు చేరే వేళకు అత్తగారి కాళ్ళు తడిగుడ్డతో తుడిచి, పాదాల మీదుగా దుప్పటి కప్పి ఉంచుతుంది. ఆ శుభ్రం చూసే కోడలు ఇన్నాళ్ళూ నిశ్చింతగా ఉద్యోగానికి పోయింది. యాభై దాటిన ఆయాకు ఈ పని పోతే ఇంకోటి దొరకదని కూడా ఆమెకు తెలుసు. అయినా ఇంటికెళ్ళి, అత్తగారి మంచం పక్కనే నిలబడి అడిగేసింది.

"దండ నువ్వు వేసుకుంటున్నావా?"

"నేను ముట్టలేదమ్మా."

"మరి దారం ఎలా నల్లబడింది?"

ఆయా అత్తగారి వైపు చూసింది.

"మీరెప్పుడైనా చూశారా అత్తయ్యా?" అంది కోడలు.

అత్తగారు కళ్ళు మూసుకున్నారు. "మధ్యాహ్నం నాకు కన్నంటుకుంటుందమ్మా. నిద్రలో నాకేం తెలుస్తుంది."

"పెద్దమ్మగారే అలా అంటే ఇక నేను చెప్పేదేముంది," అంది ఆయా. సంచీ తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, పెద్దమ్మగారి గది మాత్రం రోజూ ఊడ్పించమని చెప్పి వెళ్ళిపోయింది. పోతూ పోతూ ఈ సలహా ఒకటా అని కోడలికి ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం తల దువ్వుతుంటే అత్తగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"ఇక అంతా నీమీదే పడింది తల్లీ. నేను తిరిగే రోజుల్లో నువ్వు నా తలలో దువ్వెన పెట్టిన పాపాన పోలేదు. పడ్డాకే నాకీ భోగం," అని నవ్వారు. కోడలికి నవ్వే ఓపిక కూడా లేదు.

కొత్త దారంతో వచ్చిన దండను తిరిగి బీరువాలో పెట్టేసింది. పరాయి మెడకు తగిలినదాన్ని వేసుకోబుద్ధి కాలేదు. ఇంకో ఆయా దొరకలేదు. మూడు రోజులు సెలవు పెట్టింది. ఉన్న కాస్త ఓపికా అత్తగారికే సరిపోయింది, ఇల్లు ఊడ్చే దిక్కు లేదు. మంచం కింద నుంచి బీరువా దాకా దుమ్ము పేరుకుంది.

నాలుగో రోజు రాకపోతే ఉద్యోగం ఉండదని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున్నే అత్తగారి ఒళ్ళు తుడిచి, కాళ్ళు తుడిచి, దుప్పటి కప్పి, నీళ్ళు చేతికందేలా పెట్టి వెళ్ళింది. అక్కడ కూర్చున్నంతసేపూ మనసు మనసులో లేదు. మధ్యాహ్నానికే బతిమాలుకుని వచ్చేసింది.

"వచ్చావా తల్లీ. కదల్లేక నడుము పట్టేసింది, కాస్త ఇటు తిప్పు," అన్నారు అత్తగారు నీరసంగా.

తనకు నిద్ర రాకపోతే పోయె, ఈ పెద్దావిడ పగలల్లా ఒంటరిగా పడి ఉందే అని కోడలికి గుండె చెరువైంది. ఉద్యోగం మానేద్దామని అక్కడే, అప్పుడే అనుకుంది. చెప్పులైనా విప్పకుండా తడిగుడ్డ తెచ్చి, మంచం చివర కూర్చుని, అత్తగారి పాదాల మీది దుప్పటి తొలగించింది.

అరికాళ్ళ నిండా దుమ్ము.