తామర మడుగు వంతు

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఏటా ఒక మడుగుకి పొరుగు మడుగు పక్షి వచ్చి, అక్కడి చిన్న ప్రాణులు ఎలా బతుకుతున్నాయో అందరి ముందూ అడగాలి.

ఈ ఏడు తామర మడుగు వంతు. ఆ మడుగుని ఏలే పెద్ద కొంగ ముందుగానే కప్పలకి జవాబులు వల్లె వేయించింది. "అంతా బాగుంది" అనేటప్పుడు గొంతు వణక్కూడదని మళ్లీ మళ్లీ చెప్పింది.

నీటికోడి మాత్రం ఆ దరిదాపులకి పోలేదు. చేపలన్నీ కొంగలే మింగేస్తున్నాయని దాని పిల్ల మువ్వ అంది. అన్నందుకు కొంగలు మువ్వని రెల్లు అవతలికి లాక్కుపోయాయి. అప్పట్నుంచీ పొద్దు వాలితే చాలు, గట్టున నిలబడి మువ్వా మువ్వా అని పిలుస్తూనే ఉంది.

అడగడానికి పొరుగు మడుగు గూడబాతు రాగానే నీటికోడి ఎదురెళ్లింది.

"అక్కా, నా మువ్వ ఎక్కడుందో అందరి ముందూ ఒక్కసారి అడుగు. నువ్వడిగితే కొంగ తప్పించుకోలేదు."

"అలాగే చెల్లీ," అంది గూడబాతు.

సభలో గూడబాతు గొంతు సవరించుకుంది. నీటికోడి ముందు వరసకి జరిగింది.

"తామరలు ఈసారి బాగా పూశాయా?"

"చాలా బాగా పూశాయి," అన్నాయి కప్పలు. ఒక్క గొంతూ వణకలేదు.

వెళ్లబోతూ గూడబాతు తల దించుకుని నీటికోడి దగ్గర ఆగింది. "ఏం చెయ్యను చెల్లీ, వచ్చే ఏడు మా వంతు. అడగడానికి వచ్చేది మీ కొంగే."

నీటికోడి దాని దగ్గరికి జరిగింది.

"అంటే మీ దగ్గరా ఒక పిల్ల కనిపించడం లేదన్నమాట. దాని పేరు చెప్పక్కా. రేపట్నుంచి మువ్వతో పాటు దాన్నీ పిలుస్తాను."