లచ్చి బర్రె

"ఆపురా! తప్పు సదువుతాండు," శంకరయ్య కసిరాడు.

తమ ఊరు అత్వెల్లికి వచ్చిపోయే పశువుల డాక్టరు రాసుకున్న జ్ఞాపకాల పుస్తకం ఆడియోగా వచ్చింది. చూపు పోయిన తండ్రి కోసం నగేష్ ఫోన్‌లో పెట్టాడు.

"ఏం తప్పు, నాయినా?"

"గా పొరుగూరి లచ్చి బర్రె సచ్చుడేంది? మీ అమ్మ ఎన్నిసార్లు సదివినా, తెల్లారి లేచి కుడితి తాగేది గదా!"

అమ్మ చదివి వినిపించిన అచ్చు పుస్తకాన్ని, ఆమె పోయాక మొదటిసారి నగేష్ తెరిచాడు.

"పుస్తకంల గూడ సచ్చిపోయిందనే ఉంది, నాయినా."

శంకరయ్య చేయి చాచి పుస్తకాన్ని తడిమాడు.

"గందుకేనారా, గీడికొస్తే మీ అమ్మ గొంతు పూడుకపోయేది!" అన్నాడు. "ఫోన్ బందువెట్టు. నువ్వు సదువు."

నగేష్ పుస్తకం మూశాడు.

"తెల్లారింది. లచ్చి లేచి, కుడితి తాగింది," అని చదివాడు.