ఆ ఒక్క సైటు

“నాన్నా, నెట్ రావడం లేదు.”

కూతురు గుమ్మంలో నిలబడి మూడోసారి అనేసరికి గానీ ఆయన తలెత్తలేదు.

“వస్తోంది. నీ ఫోన్లో ఆ ఒక్క సైటే రాదు,” అన్నాడు.

ఆయన నేతమిల్లులో ఇరవై రెండేళ్లుగా ఎలక్ట్రీషియన్. మిల్లు ఆఫీసులో మూలపడ్డ కంప్యూటర్ని అడిగి తెచ్చుకుని, రెండో నెట్‌వర్క్ కార్డు బిగించి, ఒకదానికి బయటి లైను, మరొకదానికి ఇంట్లోకి వెళ్లే కేబులు కలిపాడు. ఇంట్లో ఏ ఫోను ఇంటర్నెట్‌కి వెళ్లాలన్నా దాని గుండానే వెళ్లాలి. ఏది వదలాలో ఏది ఆపాలో ఆయన రాసిన ఫైర్‌వాల్ నియమాలే తేలుస్తాయి. నెలరోజులు కుస్తీ పట్టి చేసిన పని. పిల్లను కాపాడుకుంటున్నానని లోలోపల గర్వం కూడా.

ఎవరు ఏ సైటుకి ఎప్పుడు వెళ్లారో ఆ కంప్యూటర్ రాసిపెడుతుంది. కూతురు రోజూ సాయంత్రం ఆరింటికి గది తలుపు వేసుకుని ఒకే వీడియోల సైటు చూస్తోంది. ఏయే వీడియోలు చూస్తోందో మాత్రం అందులో నమోదు కాదు. చూస్తే పన్నెండో తరగతి పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. ఆ పిల్ల ఫోన్లో సిమ్ కూడా లేదు, ఇంట్లో నెట్ తప్ప వేరే దారి లేదు. అందుకే ఆ సైటుకి అడ్డం పెట్టేశాడు.

“ఏం చూస్తున్నావో చెప్పు, తీసేస్తాను.”

పిల్ల ఏదో అంది.

“నోట్లో నోట్లో గొణగొద్దు. చెప్పేదేదో గట్టిగా చెప్పు.”

తల్లి కల్పించుకోబోయింది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

పరీక్షలు బాగానే రాసింది. వేరే ఊళ్లో కాలేజీలో చేరింది. కానీ ఆ రోజు నుంచీ తండ్రితో మాటలు తగ్గిపోయాయి. ఫోన్ చేస్తే తల్లితోనే మాట్లాడి పెట్టేసేది. సెలవులకి వచ్చినప్పుడు భోజనాల దగ్గర తల్లీకూతుళ్ల కబుర్లు సాగుతూనే ఉండేవి, ఆయన దాకా ఒక్క మాటా వచ్చేది కాదు. ఇంకా మనసులో పెట్టుకుందనుకున్నాడు. అడ్డం పెట్టేముందు పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడగాల్సింది కదా అని ఎన్నోసార్లు నొచ్చుకున్నాడు. ఆ ముక్క కూతురితో అనడానికి మాత్రం నోరు రాలేదు.

రెండేళ్లకి ఒక ఆదివారం ఉదయం ఆ కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. దాన్ని తీసేసేముందు నియమాలు ఒక్కొక్కటే చూస్తూ ఆ పాత అడ్డం దగ్గర ఆగి, దాన్ని చెరిపేశాడు.

“ఇంతకీ అప్పుడది ఏం చూసేది?” అన్నాడు భార్యతో.

ఆమె కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది.

“మీకు చెబితే ఒప్పుకోరని దాచింది. మీరు కసిరాక మళ్లీ దాని జోలికే పోలేదు.”

కూతురు వదిలేసి వెళ్లిన పాత ఫోను తెచ్చి, ఆ సైటు తెరిచి ఆయన చేతిలో పెట్టింది. ఒకదాని కింద ఒకటి నలభై పాఠాలు. కూతురు చూసినవి పదకొండు.

వినికిడి పోతున్న నాన్నతో మాట్లాడటానికి నేర్చుకున్న చేతిసైగల పాఠాలవి.