డాబా మీద ఆగిన డ్రోన్

వార్తల డ్రోన్ ఏ ఇంటి మీద ఆగితే ఆ ఇంట్లో ఏదో జరగబోతోందని అర్థం. జరిగాక రావడం అవి మానేసి చాలా ఏళ్లయింది.

హైమవతి కాలంలో వార్త వెనకాల మనుషులే పరుగెత్తేవాళ్లు. ఆవిడ హెలికాప్టర్‌లోంచి వార్తలు చెప్పేది. అలాంటి రిపోర్టర్ల మీద డాక్యుమెంటరీ తీస్తున్న ఇమ్రాన్ ఆవిడ డాబా మీద కెమెరా పెట్టుకుని, "మరిచిపోలేనిది ఒకటి చెప్పండమ్మా" అన్నాడు.

"గోదావరి వరదప్పుడు ఒక ఇంటి కప్పు మీద నలుగురు నిలబడి, మమ్మల్ని చూసి చీర ఊపారు బాబూ. ఎక్కించుకుపోతామనుకున్నారు పాపం. నా దగ్గర మైకు తప్ప తాడు కూడా లేదు. ఏం చెయ్యాలో తోచక నేనూ చెయ్యి ఊపాను. పడవ పంపమని కబురు చేశాం గానీ..."

మాట పూర్తి కాకుండానే ఒక డ్రోన్ వచ్చి సరిగ్గా నెత్తిమీద ఆగింది.

కింద కోడలు శరణ్య ఆ చప్పుడు వింటూనే గ్యాస్ కట్టేసింది. ఊయల్లో పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఎత్తుకుని పైకి పరుగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, బీపీ మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నానే. బాగానే ఉన్నాను" అంది హైమవతి. చెయ్యి మాత్రం దానంతటదే గుండె మీదికి వెళ్లింది.

ఎదురింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. ఇమ్రాన్ కెమెరా వదిలేసి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

హైమవతి లేచింది. లోపల మనిషి లేడని తెలిసి కూడా, పైటకొంగు పైకెత్తి డ్రోన్ వైపు ఊపింది.

అది మెల్లగా కిందికి దిగింది, ఆవిడ మొహాన్ని ఇంకాస్త దగ్గరగా చూపించడానికి.