ఖైదీని చూడొచ్చిన మనిషి

"వచ్చాడక్కా, మన ములాఖత్ ముసలాయన!" అన్నాడు గారెట్, అద్దంలోంచి వీధిలోకి చూస్తూ.

టెక్సస్‌లోని ఆ చిన్న ఊళ్లో తుపాకుల దుకాణం గారెట్‌ది. తుపాకీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ కొన్నవాళ్లు ప్రభుత్వ అనుమతి వచ్చేదాకా దాన్ని ఇంటికి తీసుకెళ్లకూడదు. తొమ్మిది నెలలో, పదో. అప్పటిదాకా అది దుకాణం బీరువాలోనే. ఆ బీరువాను అందరూ జైలంటారు. కొన్నవాళ్లు అప్పుడప్పుడూ వచ్చి, తమ ఖైదీని చేతిలోకి తీసుకుని చూసుకుని పోతుంటారు.

పోల్క్ మాత్రం ప్రతి గురువారం వచ్చేవాడు.

"మీవాడు క్షేమమే పెద్దాయనా! జైలు తిండికి ఒళ్లు కూడా చేశాడు!" గారెట్ అరిచాడు. అరవకపోతే ఆయనకు వినపడదు.

పోల్క్ నవ్వి, సైలెన్సర్‌ని ఒకసారి పట్టుకుని కౌంటర్ మీద పెట్టేశాడు. మళ్లీ దానికేసి చూడలేదు. ఆయన చూపంతా తూటాలు కొనడానికి వచ్చిన లొరెటా మీదే ఉంది.

లొరెటా గారెట్ అక్క. భర్త భుజానికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి, వేరుశనగ చేలోకి దిగే అడవి పందుల్ని సైలెన్సర్ తగిలించిన రైఫిల్‌తో ఆమే కాలుస్తోంది.

"ఎడమచేతి వాటమా అమ్మాయ్?" దుకాణం అదిరేలా అడిగాడు పోల్క్.

"అవును. అయితే?" లొరెటా కూడా అరిచే చెప్పింది.

"కాల్చినప్పుడు పొగ మొహానికి కొడుతోందా?"

"ఉల్లిపాయలు తరిగినట్టే ఉంటుంది."

"కుడి చెవిలో గుయ్యిమంటోందా?"

లొరెటా తలూపింది. ఆ మోత మూడు వారాలుగా ఉంది. దిండులో చెవి అదిమిపెట్టినా ఆగడం లేదు. ఆదివారం తలుచుకుంటేనే గుబులు. వాళ్ల చర్చిలో వాద్యాలుండవు. ప్రతి పాటకూ మొదటి స్వరం ఆమే అందుకోవాలి. ఆమె ఎత్తుకున్న చోటునుంచే అందరూ పాడతారు. పద్దెనిమిదేళ్లుగా అంతే.

"గొట్టానికి సైలెన్సర్ తగిలిస్తే గ్యాస్ ముందుకు పోలేక వెనక్కి తంతుంది," అన్నాడు పోల్క్. "కాలిన తూటా డొల్ల ఎగిరే కంత కుడిపక్కన. ఎడమచేత్తో కాలిస్తే నీ మొహమూ ఆ పక్కనే. చప్పుడు తగ్గింది పందులకి. నీకు కాదు."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"నీ రైఫిల్‌కి గ్యాస్‌ని అదుపు చేసే మర ఉంటుంది. దాన్ని పూర్తిగా బిగించు. ఒక్కొక్క తూటాయే పెట్టి కాలుస్తూ, ఒక్కో మెట్టూ వదులు చెయ్. తూటాను లోపలికి నెట్టే బోల్టు వెనక్కెళ్లి నిలబడిపోయిన చోట ఆగు. చలిరోజుల కోసం ఇంకొక్క మెట్టు. అంతే. అయినా సరే, చెవి మూతలు మాత్రం తియ్యకు."

"సైలెన్సర్ ఉండగా మూతలా? గొడుగేసుకుని రెయిన్‌కోటు కూడా తొడుక్కోమన్నట్టుంది! మూతలు పెట్టుకుంటే పొదల్లో పందుల అలికిడి ఎలా వినేది?"

"పెట్టుకో అమ్మాయ్." ఆయన గొంతు ఇంకా పెరిగింది. "పెట్టుకో!"

లొరెటాకు చిర్రెత్తింది.

"చెవిటాయనొచ్చి నాకు చెవుల సంగతి చెబుతున్నాడు చూడరా," అంది తమ్ముడితో, మామూలు గొంతుతోనే.

గారెట్ పగలబడి నవ్వాడు.

పోల్క్‌కు ఆ మాట వినపడలేదు. నవ్వు కనపడింది. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు.

శనివారంలోగా పందులు మూడుసార్లు దిగాయి. లొరెటా నలభై తూటాలు కాల్చింది. మూతల్లేకుండానే.

ఆదివారం పాట ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. రెండో చరణానికి ఆ ఎత్తు అందక పిల్లల గొంతులు కీచుమన్నాయి. పెద్దవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. పాట మధ్యలో చర్చి అంతా నిశ్శబ్దమైపోయింది.

ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు.

"పై స్వరాలు వినే శక్తి కుడిచెవికి పోయిందమ్మా," అన్నాడు డాక్టరు. "అది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోండి."

ఇంటికొచ్చి, మూతలు పెట్టుకుని, గ్యాస్ మర బిగించింది. ఒక్కో మెట్టూ వదులుతూ కాల్చింది. ఆరో మెట్టు దగ్గర బోల్టు నిలబడింది. ఇంకొక్క మెట్టు వదిలి మళ్లీ కాల్చింది.

కళ్లు మండలేదు. చెంప మీద గ్యాస్ చరుపు లేదు. పావుగంట పని!

గురువారం పీకాన్ గింజల తీపి రొట్టె చేసి దుకాణానికి పట్టుకెళ్లింది. పోల్క్ రాలేదు. ఆ తర్వాతి గురువారమూ రాలేదు.

"ఆయన వచ్చి వెళ్లిన మర్నాడే అనుమతి వచ్చేసింది," అన్నాడు గారెట్. "ఖైదీకి విడుదల అని ఉత్తరం కూడా రాశాను. పలుకే లేదు."

"ఫోన్ చెయ్యరా."

"చెవిటాయనకు ఫోనేమిటే?"

"ఇంట్లో ఎవరో ఒకరు ఉండరూ? చెయ్యి ముందు!"

ఫోన్ ఎత్తింది పోల్క్ అక్క. లొరెటా తమ్ముడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అనుమతి వచ్చేసిందిగా, ఇక అక్కడికి రాడమ్మా," అందావిడ. "ఇప్పుడు పక్క జిల్లాలో ఇంకో దుకాణంలో కొన్నాడు. ఇది అయిదో ఊరు."

"అన్ని సైలెన్సర్లు ఏం చేసుకుంటారండీ?" లొరెటా ఫోన్‌ను ఎడమ చెవికి మార్చుకుంది.

"ఏం చేసుకుంటాడు? వాడు తుపాకీ ముట్టి పదేళ్లయింది. ఏమీ కొననివాణ్ణి వారం వారం దుకాణంలో నిలబడనిస్తారా మీరు? అందుకని కొంటాడు. అనుమతి వచ్చేదాకా, కనపడ్డవాళ్లకల్లా ఆ మర సంగతీ మూతల సంగతీ చెబుతాడు. సగంమంది నవ్వుతారట."



"ఆయనకెందుకండీ అంత తాపత్రయం?"



"ఆ సైలెన్సర్ల కంపెనీలో ఇరవయ్యారేళ్లు చప్పుడు కొలిచింది మా తమ్ముడేనమ్మా, మీటరు ఎప్పుడూ గొట్టం మూతి దగ్గరే తప్ప కాల్చేవాడి చెవి దగ్గర పెట్టకుండా, చెవి మూతలు అక్కర్లేదని కాగితం మీద సంతకం చేసిందీ వాడే."