సేకరించినవారు

"తొమ్మిది వేలూ తిప్పి పంపేశారు!"

పొద్దున్నే మ్యూజియం డేటా విభాగం మేడమ్ తల పట్టుకుంది.

చనిపోయిన ప్రొఫెసర్ గారు మ్యూజియానికి ఇచ్చిన సీతాకోకచిలుకల వివరాలవి. దేశదేశాల మ్యూజియాలు తమ దగ్గరున్న జీవుల వివరాలను ఒకే నమూనాలో నింపి, అందరూ చూసే జాబితాలో పెడుతున్నాయి. అక్షాంశం, రేఖాంశం లేని వరుసను ఆ జాబితా తీసుకోదు. సీతాకోకచిలుకలకు గుచ్చిన చీటీల మీద ఉన్నదల్లా 'మూడో మైలురాయి దాటాక ఎడమ వాగు' లాంటి మాటలే.

గడువు సాయంత్రం ఐదు. దాటితే ఈ ఏడాదికి జాబితాలో మ్యూజియం పేరు ఉండదు. మేడమ్ ఆ మైలురాయి చీటీనే మళ్లీ పైకి చదివింది.

"ఆ రాయి ఇప్పుడు లేదమ్మా. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పీకేశారు."

గుమ్మంలో ఓ ముసలాయన. చేతిలో సందర్శకుల టికెట్టు.

"మీరెవరు?"

"ప్రొఫెసర్ గారి జీపు తోలేవాణ్ణి. వీటిని ఓసారి చూసిపోదామని వచ్చా."

"జీపు తోలినాయనకి పురుగుల సంగతేం తెలుసు?"

"పురుగుల సంగతి వదిలెయ్యండి. దారి తెలుసు."

మేడమ్ విసుగ్గానే మ్యాపు తెరిచింది. కూర్చోమనలేదు. ఆయన నిలబడే వేలు పెట్టాడు.

"ఇదీ వాగు. ఈ వంపు దగ్గర."

"ఉజ్జాయింపులు పనికిరావు పెద్దాయనా. ఎన్ని మీటర్లు అటూ ఇటూ కావచ్చో కూడా రాయాలి."

"యాభై. వానాకాలంలో పట్టినవాటికి ఎనభై రాయండి. వాగు పక్కకి జరుగుతుంది."

ఆమె మొదటిసారి ఆయన ముఖం చూసింది.

అలా నూటపన్నెండు చోట్లు. ఒక్కదాని దగ్గర మాత్రం ఆయన ఆగాడు.

"ఇది గుర్తులేదు. తీసెయ్యండి. అబద్ధం రాయొద్దు."

చివరికి 'సేకరించినవారు' గడి మిగిలింది. చీటీల మీద పేరు లేదు. మేడమ్ ప్రొఫెసర్ పేరు ఒకసారి కొట్టి, మౌసుతో అడుగుదాకా లాగింది. వరుసలన్నీ నిండిపోయాయి.

"కరెక్టేగా?"

ముసలాయన కాసేపు తెర వైపు చూశాడు.

"చోట్లు కరెక్టు" అన్నాడు.

ఐదుకు పది నిమిషాలుందనగా జాబితా వెళ్లింది. స్వీకరించినట్టు జవాబొచ్చింది. గదంతా చప్పట్లు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన లేడు.

పేరడగాలని ఎవరికీ తట్టలేదు.

రెండు వారాలకు ప్రొఫెసర్ గారి కూతురు వచ్చింది. మేడమ్ గర్వంగా తెరను ఆమె వైపు తిప్పింది.

"చూడండి, మీ నాన్నగారి కష్టం! అప్పుడే పన్నెండు దేశాలవాళ్లు వాడుకుంటున్నారు."

"చోట్లు ఎవరు చెప్పారు?"

"ఎవరో జీపు డ్రైవరట. మళ్లీ వస్తే ఈసారి మర్యాద చేస్తాం."

"రాడు. మొన్న సోమవారం పోయాడు." ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. "ఇందులో నాన్న పేరెందుకు రాశారు?"

"మరి ఇవన్నీ పట్టింది ఆయనే కదండీ!"

కూతురు తలెత్తింది.

"నాన్నకి పసితనంలోనే రెండు కాళ్లూ పడిపోయాయండీ. ఆయన జీపులో కూర్చుని పేర్లు చెప్పేవారు, వల పట్టుకుని వాగుల వెంట పరిగెత్తి ఈ తొమ్మిది వేలూ పట్టింది మా డ్రైవరు బాబాయే."